చినార్‌తెపాలో రొట్టె విరిగిన రోజు

ఆ బుధవారం పొద్దున్న హమ్రాకుల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి లోకల్‌ని పంపేసి, వెయిటింగ్ హాలు ముందున్న ద్రాక్ష పందిరికి ఎండుతీగలు కత్తిరించి, మీగడలో రొట్టె ముంచుకుని తిని, తొమ్మిదీ నలభై బండి వచ్చేలోపు ఒక కునుకు తీయాలని. చినార్‌తెపా స్టేషన్ మాస్టరుకి అంతకు మించిన పని ఉండేది కాదు. తాష్కెంట్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో, రాను రెండు, పోను రెండు, రోజుకి నాలుగే బళ్ళు ఆగే స్టేషన్ అది.

పని తక్కువైనవాడికి అనుమానాలు ఎక్కువ. బండి ఆలస్యంగా వస్తే హమ్రాకుల్‌కి డ్రైవరు మీద అనుమానం, వేళకి వస్తే గడియారం మీద అనుమానం. భార్య పోయి ఆరేళ్ళయింది. కూతురు జెబినిసా ఆ స్టేషన్‌లోనే టికెట్లు అమ్ముతుంది. ఇరవై నాలుగేళ్ళది, చూడచక్కనిది, మాట తక్కువ. ఆమెకి ఇప్పటికి నాలుగు సంబంధాలు వచ్చాయి. మొదటివాళ్ళు మరీ ఎక్కువ నవ్వారు, వీళ్ళ మనసులో ఏదో ఉందన్నాడు. రెండోవాళ్ళు అసలు నవ్వలేదు, వీళ్ళ మనసులోనూ ఏదో ఉందన్నాడు. మూడోవాళ్ళు ఏ ప్రశ్నా వేయలేదు, అన్నీ ముందే కనుక్కుని వచ్చారన్నాడు. నాలుగోవాళ్ళని గుమ్మం దాటనివ్వలేదు కాబట్టి వాళ్ళ తప్పేమిటో ఆయనకీ తెలియదు.

అసలు సంగతి అనుమానం కాదు, భయం. ఆ పిల్ల వెళ్ళిపోతే స్టేషన్‌ని ఆనుకుని ఉన్న క్వార్టర్‌లో తానూ గోడగడియారమూ మిగులుతామని ఆయన భయం. ఆ మాట పైకి అనడం చేతకాక, వచ్చినవాళ్ళలో వంకలు వెతికేవాడు.

మీగడ గిన్నె మీద మూత తీశాడో లేదో, స్టేషన్ ఫోను మోగింది. అవతల పక్క స్టేషన్ మాస్టరు మర్దాన్.

"హమ్రాకుల్, నా స్టేషన్ పోయిందయ్యా."

"పోవడమేంటి? ఎవడెత్తుకుపోయాడు?"

"వెటకారాలు తర్వాత. పై ఆఫీసు నుంచి తనిఖీకొచ్చారు. యూనిఫాం లేదు, కాగితం లేదు, మామూలు జనంలాగే దిగారు. ఎంతమంది ఎక్కుతున్నారు, తాగే నీళ్ళున్నాయా, మరుగుదొడ్డి ఎలా ఉంది, అన్నీ చూసుకుపోయారు. నలభై మందికి తక్కువైతే ఇక బండి ఆగదంట. నాకు పదకొండుమంది తేలారు. అందులో ఒకణ్ణి నేనే."

"నా దగ్గరికెప్పుడు?"

"ఇవాళో రేపో. ఎవర్నీ నమ్మకు."

ఎవర్నీ నమ్మకు అని హమ్రాకుల్‌కి చెప్పడం చేపకి ఈత నేర్పడమే. కాని ఆ పూట ఆయనకి నవ్వు రాలేదు. వాళ్ళ తాత ఈ స్టేషన్‌లో గంట కొట్టాడు. తండ్రి ఇక్కడే మాస్టరు. బండి ఆగకపోతే మూడు తరాల బతుకు రెండు పట్టాల మధ్య గడ్డి మొలిచిన చోటు అవుతుంది. మీగడ పిల్లికి వదిలేసి, టోపీ సరిచేసుకుని, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు.

తొమ్మిదీ నలభై బండిలోంచి నలుగురు కొత్తవాళ్ళు దిగారు. చినార్‌తెపాలో ఏడాదికి నలుగురు కొత్తవాళ్ళు దిగితే గొప్ప.

ముగ్గురు ఆడవాళ్ళు. పట్నం మఖమల్ గౌన్లు, పూల రుమాళ్ళు. పెద్దావిడ చేతిలో కుట్టుపని గుడ్డలో కట్టిన మూట. బండి దిగినవాళ్ళు రోడ్డు మీదకి పోవాలి గదా, వీళ్ళు పోలేదు. పెద్దావిడ నిలబడి పైకప్పు నుంచి నేల దాకా చూసింది. కిటికీ అంచు మీద వేలితో రాసి, ఆ వేలిని వెలుగులో తిప్పి చూసుకుంది. ఆ తర్వాత టికెట్ కిటికీ వైపు చాలాసేపు చూసింది.

'దొరికారు,' అనుకున్నాడు హమ్రాకుల్. 'మారువేషానికి మూట కూడా తెచ్చుకున్నారు. గట్టివాళ్ళే.'

నాలుగోవాడు బూడిదరంగు టోపీ పెట్టుకున్న బక్కమనిషి. బెంచీ మీద కూర్చుని, చేతిపెట్టె తెరిచి, లోపలికి చూసి, మళ్ళీ మూసి, అటూ ఇటూ చూశాడు. ఇలా పెట్టె మూసేవాడు ఎవడో హమ్రాకుల్‌కి చెప్పనక్కర్లేదు. ఆ పెట్టె వాడిది కాదు. ఎక్కడో కొట్టేసి ఉంటాడు. సరిగ్గా తనిఖీ రోజునే దొంగ కూడా దిగాలా?

"ఏ పని మీదొచ్చారు?" అన్నాడు దగ్గరికి వెళ్ళి.

"ఊరికే, చూద్దామని."

"ఊరికే చూసేవాళ్ళని చాలామందిని చూశాను. పెట్టె ఇలా ఇవ్వండి. ఇక్కడ దొంగలెక్కువ, నా గదిలో భద్రంగా ఉంటుంది. మీరు మాత్రం ఈ బెంచీ దిగకండి." పెట్టె లాక్కుని గదిలో పెట్టి తాళం వేశాడు. ఆ మనిషి టోపీ సర్దుకుని బెంచీకి చేరగిలబడ్డాడు.

ఆ తర్వాత ఓయ్‌సారాని పిలిచాడు. గేటు వేయడం, తీయడం, ప్లాట్‌ఫారం ఊడవడం ఆమె పని. ఆమె చెవిన పడ్డ మాటకి వేరే దండోరా అక్కర్లేదు. అందుకే అసలు కారణం ఆమెకి చెప్పదలచుకోలేదు.

"ఓయ్‌సారా, గంటలో ఊరంతా ఇక్కడుండాలి. మంచి బట్టలేసుకుని, చేతిలో సంచో మూటో పట్టుకుని."

"ఎందుకండీ మాస్టరుగారూ?"

"ఎందుకని అడక్కు."

"నేనడక్కపోయినా వాళ్ళడుగుతారు గదా."

"మాస్టరు పరువు మీ చేతుల్లో ఉందని చెప్పు. ఇంకేం చెప్పకు."

ఓయ్‌సారా ఆయన ముఖం చూసింది. పందిరి కింద కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళని చూసింది. పెద్దావిడ ఒళ్ళోని గుడ్డమూటని చూసింది. టికెట్ కిటికీ వెనక జెబినిసా కొత్త రుమాలు కట్టుకుని ఉండటం కూడా చూసింది. ఒక్క మాట అనకుండా చీపురు పారేసి ఊళ్ళోకి పరిగెత్తింది. మాట అనకుండా వెళ్ళినందుకు హమ్రాకుల్ ఆమెని అనుమానించాల్సింది. కాని అప్పటికే ఆయనకి చేతినిండా అనుమానాలున్నాయి.

పెద్దావిడ పేరు మవ్లుదా. "బండి దిగాం, దాహమేసి కాసేపు ఆగాం అన్నయ్యగారూ," అంది.

అన్నయ్యగారట! పై ఆఫీసు మనిషి వరస కలుపుతోందంటే మెడకి తాడు కొలుస్తున్నట్టే. హమ్రాకుల్ గుండె మీద చెయ్యి వేసుకుని వంగాడు.

"దాహానికేం లోటమ్మా! ఇక్కడ పొద్దున్నించీ రాత్రి దాకా సమోవర్‌లో వేడినీళ్ళు. హాలులో రెండు బెంచీలు, చలికాలం పొయ్యి. గంట ఇత్తడిది, మా తాత కొట్టింది. అప్పట్లో ఎవరో పెద్ద దొర బండి నీళ్ళకోసం ఇక్కడ ఏడు నిమిషాలాగింది. యుద్ధం రోజుల్లో నలభై కుటుంబాలు, పిల్లాజెల్లాతో, ఇదే ప్లాట్‌ఫారం మీద దిగాయి. ఎక్కడికెళ్ళాలో తెలీదు, మన మాట రాదు. మా నాన్న హాలు తలుపులు తీసి, ఇంట్లోంచి పరుపులు తెచ్చి పరిచాడు. మా అమ్మ ఎండు ఆప్రికాట్లు ఉడకబెట్టి పెట్టింది. మూడు నెలలు ఈ స్టేషనే వాళ్ళ ఇల్లు. దాన్ని ఏ కాగితం మీదా రాయలేదు, అందుకే చెప్తున్నా."

ఆ చివరి మాట అంటూ ఆయన హాలు తలుపుని అరచేత్తో నిమిరాడు. చిన్నావిడ కళ్ళు తుడుచుకుంది. మవ్లుదా మాత్రం చెల్లెలి వైపు వంగి, వినబడేలాగే గొణిగింది. "గంటసేపటినించీ స్టేషన్ గొప్పలేగాని, ఆ కిటికీలో పిల్ల ఊసెత్తడేం? ఏదో దాస్తున్నాడు."

ఆ చివరి ముక్క ఒక్కటే చెవికెక్కి, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, హమ్రాకుల్ ఉలిక్కిపడ్డాడు. దాస్తున్నది ఏమిటి? మరుగుదొడ్డే! దానికి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఆయన మెడలో ఉంటుంది. ఎవరు ఏం ఎత్తుకుపోతారోనని. వెంటనే ముగ్గుర్నీ అక్కడికి తీసుకెళ్ళి, తలుపు తీసి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. పిల్లని చూడడానికి వచ్చినవాళ్ళకి పిల్ల తండ్రి మరుగుదొడ్డి చూపించడం మా వైపు అంతకు ముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

ఎందుకంటే వాళ్ళు పెళ్ళిపెద్దలే. మా వైపు సంబంధానికి వచ్చినవాళ్ళు వచ్చిన పని నోటితో చెప్పరు. దాహమంటారు, దారి తప్పామంటారు, కిటికీ అంచు మీద వేలు రాస్తారు, పిల్ల టీ ఎలా పోస్తుందో చూస్తారు. ఈ సంగతి హమ్రాకుల్‌కి తెలియక కాదు. ఇంతకు ముందు నాలుగు సంబంధాలవాళ్ళూ ఇంటికి వచ్చారు గాబట్టి పోల్చుకున్నాడు. స్టేషన్‌కి వచ్చినవాళ్ళు తనిఖీవాళ్ళు కాక ఇంకెవరు?

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఊరు దిగింది. ముందు ముసలివాళ్ళు కొత్త అంగరఖాల్లో, వెనక ఆడవాళ్ళు పళ్ళేల్లో ఎండుద్రాక్షా, బాదంపప్పూ, మిఠాయిలూ పట్టుకుని. హమ్రాకుల్‌కి ఆనందబాష్పాలు వచ్చాయి. సంచులు తెమ్మంటే పళ్ళేలు తెచ్చారు, పోనీ, సామానే గదా.

"చూశారా, ఇదీ మా మామూలు రద్దీ," అన్నాడు.

"ఇంతమందా!" అంది మవ్లుదా.

"ఇవాళ పలచనే."

అంతలో నలుగురు మగవాళ్ళు పలావు వండే పెద్ద డేగిసా మోసుకొచ్చి పందిరి పక్కన పొయ్యి పేర్చడం మొదలుపెట్టారు. వాళ్ళ వెనక ఇద్దరు నిలువెత్తు కొమ్ముబూరలు పట్టుకుని వచ్చారు. డేగిసాతో ప్రయాణమేమిటని హమ్రాకుల్ మనసు పీకింది. కాని తనిఖీవాళ్ళ ముందు అడిగితే బండారం బయటపడుతుంది. నవ్వుతూ నిలబడ్డాడు.

డేగిసా దగ్గర ఖాళీగా కూర్చున్న మనిషికి కత్తి ఇవ్వడం మా ఊరి ధర్మం. ఓయ్‌సారా బూడిద టోపీ మనిషి ముందు బస్తాడు కేరట్లు కుమ్మరించింది. "చేతులూపుకుంటూ కూర్చున్నావేం తమ్ముడూ? సన్నగా తరుగు, లావుగా తరిగితే మళ్ళీ తరిగిస్తా." బెంచీ దిగొద్దని ముందే ఆజ్ఞ అయింది గనక, పాపం ఆయన కూర్చున్నచోటే తరగసాగాడు.

జెబినిసా కిటికీ మూసి బయటికి వచ్చింది. తల వంచుకుని, కుడిచేత్తో, పింగాణీ కప్పుల్లో మూడోవంతుకి మించకుండా టీ పోసింది. మా వైపు గౌరవమంటే అదే. కప్పులో ఎంత తక్కువ పోస్తే అతిథి అన్నిసార్లు మళ్ళీ అడగాలని, అంటే ఇంకా కూర్చోవాలని. మవ్లుదా ముఖం మొదటిసారి విప్పారింది.

హమ్రాకుల్‌కి మాత్రం నిండని కప్పులే కనబడ్డాయి. తాగే నీళ్ళు సరిపడా లేవని రాసేస్తారు! కూతురి చేతిలోంచి కెటిల్ లాక్కుని మూడు కప్పుల్నీ అంచు దాకా, సాసర్లలోకి పొర్లేలా నింపేశాడు. "మా దగ్గర నీళ్ళకి కరువు లేదు!"

పొయ్యి పేరుస్తున్నవాళ్ళు కట్టెలు వదిలేసి లేచి నిలబడ్డారు. అంచుదాకా నింపిన కప్పుకి మా వైపు ఒకటే అర్థం: తాగి వెళ్ళండి, మళ్ళీ రాకండి.

మవ్లుదా మెల్లగా లేచింది. ముఖం కందగడ్డలా ఉంది. "పదండర్రా. మన మర్యాద మనం కాపాడుకుందాం."

తను చేసిన పని హమ్రాకుల్‌కి అప్పుడు తట్టింది. లేచిపోతున్నారు! కోపంగా లేచిపోతున్నారు! ఏం రాస్తారు? ఎదురుగా పీట మీద మవ్లుదా తెచ్చిన మూట విప్పి ఉంది, అందులో నువ్వులద్దిన రెండు పెద్ద రొట్టెలు. ఎవరూ ముట్టలేదు. అతిథిని రొట్టె ముట్టించకుండా పంపిన తప్పు కూడానా! ఆయన ఒక రొట్టె రెండు చేతుల్తో పైకెత్తి, అందరూ చూస్తుండగా ఫెళ్ళున రెండుగా విరిచాడు. "కూర్చోండమ్మా, మీ కాళ్ళకి మొక్కుతా! మాదంతా ఇక మీదే అనుకోండి!"

పెళ్ళిపెద్దలు తెచ్చిన రొట్టెని పిల్ల తండ్రి విరిచాడంటే మాట ఇచ్చేసినట్టే. ఆ మాట వెనక్కి తీసుకున్న మగాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

మవ్లుదా కూలబడి, వెంటనే రెండు చేతులూ చాచి దువా చదివింది. ఊరంతా ఆమీన్ అంది. కొమ్ముబూరలు భూమి అదిరేలా మోగాయి. మిఠాయిలు వానలా కురిశాయి. వాటిలో ఒకటి హమ్రాకుల్ కంట్లో పడింది.

"నోరు తీపి చేసుకోండి వియ్యంకుడుగారూ!" అంది మవ్లుదా. "మీ వేళాకోళం మా ప్రాణం మీదకి తెచ్చిందిగాని, మాట మాత్రం ధర్మంగా ఇచ్చారు."

"వియ్యం... ఎవరూ?"

ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు రుమాలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నీకు తెలుసా?" అన్నాడు దగ్గరికి వెళ్ళి, పళ్ళ మధ్య నుంచి.

"మీరు వాళ్ళెవరని నన్నడగలేదుగా నాన్నా."

"ఎవడు వాడు?"

"ఎల్‌మురాద్ అని. మన లైన్లోనే టికెట్లు తనిఖీ చేస్తాడు."

హమ్రాకుల్ కొంచెంసేపు ఆలోచించాడు. జీతం తీసుకుని మరీ జనాన్ని అనుమానించే మనిషి. ఇంతకాలం వచ్చిన సంబంధాల్లో ఇలాంటి గౌరవమైన వృత్తి ఒక్కటీ లేదు. కోపం సగం చల్లారింది. అప్పుడే ఇంకో సంగతి నెత్తిన పిడుగులా పడింది. వీళ్ళు పెళ్ళివాళ్ళయితే, మరి తనిఖీ?

"మాస్టరుగారూ," అన్నారెవరో వెనకనుంచి. బూడిద టోపీ మనిషి. వేళ్ళు కేరట్ రంగులో ఉన్నాయి. "తరగడం అయిపోయింది. నా పెట్టె ఇప్పిస్తే రిపోర్టు రాసుకుంటాను."

హమ్రాకుల్ పరిగెత్తుకెళ్ళి గది తాళం తీశాడు. పెట్టె తెచ్చి రెండు చేతుల్తో ఇచ్చాడు. ఆ మనిషి కాగితం తీశాడు. "ఎనభై ఆరుమంది. ఇంత జనం ఈ లైన్లో ఎక్కడా చూడలేదు. కాని నాకో అనుమానం. వీళ్ళు ప్రయాణికులా, పెళ్ళివాళ్ళా? పెళ్ళివాళ్ళయితే మీ లెక్క సున్నా. రెంట్లో ఒకటి చెప్పండి, రాసేస్తాను."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో హమ్రాకుల్ రిజిస్టరులో అబద్ధం రాయలేదు. కళ్ళ ముందు తండ్రి మోసుకొస్తున్న పరుపులు కనబడ్డాయి. "సార్... ఇవాళ బండి ఆగదంటే ఇక ఎప్పటికీ ఆగదు. కాని వీళ్ళు..." అని తల దించుకున్నాడు.

"బండి ఆగదా?" అంది ఓయ్‌సారా. "మన స్టేషన్ మూసేస్తారా? అయ్యో మాస్టరుగారూ, పొద్దున్నే ఆ ముక్క చెప్పొచ్చుగా! మీ పరువంటేనే ఇంతమందిమొచ్చాం, స్టేషనంటే మంచాన పడ్డోళ్ళు కూడా లేచొచ్చేవోళ్ళు. మమ్మల్ని కూడా నమ్మకపోతే ఎలాగండీ?"

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. బదులు చెప్పేలోపు పన్నెండూ ఇరవై పట్నం బండి వచ్చి ఆగింది.

"ఎక్కండర్రా!" అని అరిచింది ఓయ్‌సారా.

ఊరు ఎక్కింది. ముసలివాళ్ళని ఎత్తి ఎక్కించారు. పళ్ళేలు ఎక్కాయి, బూరలు ఎక్కాయి, ఉడికీ ఉడకని పలావుతో డేగిసా ఎక్కింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పెళ్ళిపెద్దలు ముగ్గురూ ఆ తోపులాటలో కొట్టుకుపోయారు. ఎక్కిన చివరి మనిషి కాలు లోపలికి వెళ్ళగానే బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద మాస్టరూ, కూతురూ, కేరట్ల చేతుల మనిషీ మిగిలారు.

"ప్రయాణికులే," అని రాసుకున్నాడాయన. తర్వాత తల ఎత్తాడు. "ఇవాళ ఎన్ని టికెట్లు అమ్మారమ్మా?"

"ఒక్కటీ లేదండి," అంది జెబినిసా.

ఆ బండిలో టికెట్ల తనిఖీ డ్యూటీ ఎల్‌మురాద్‌ది. రెండో పెట్టెలోకి అడుగు పెట్టగానే ఎనభై ఆరుమంది టికెట్ లేనివాళ్ళు, వాళ్ళ మధ్య పొగలు కక్కే డేగిసా, దాని పక్కన కన్నతల్లి కనబడ్డారు. కుర్రాడు నిజాయితీపరుడు. మొదటి చీటీ తల్లి పేరనే రాశాడు.

మూడు వారాలకి పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చినార్‌తెపాలో బండి ఆగుతుంది. అయితే ఆ స్టేషన్‌లో ఒక్క బండికే ఎనభై ఆరుమంది టికెట్ లేకుండా ఎక్కుతున్నందువల్ల, మాస్టరుని మందలించడమైనది. ఇకమీదట అక్కడ ఒక తనిఖీ ఉద్యోగి ఎల్లకాలం ఉండాలి. ఆ దొంగప్రయాణికులని ఒంటిచేత్తో పట్టిన ఎల్‌మురాద్‌ని అక్కడికే వేయడమైనది. ఉండడానికి వేరే క్వార్టర్ లేదు గనక మాస్టరు క్వార్టర్‌లోనే సర్దుకోవాలి. పట్నానికి కోడల్ని తెచ్చుకుందామని రెండు రొట్టెలతో బయల్దేరిన మవ్లుదా, కొడుకుని ఇల్లరికం పంపి, పూల రుమాలు కొంగుతో కళ్ళొత్తుకుంది.

హమ్రాకుల్ పందిరి కింద అల్లుడితో టీ తాగుతూ చాలా సంతోషంగా ఉన్నాడు. ఒక్కటే ఆయన్ని తొలుస్తూ ఉంటుంది. తనిఖీ ఏ రోజున వస్తుందో ఎల్‌మురాద్‌కి ఆఫీసులో పది రోజుల ముందే తెలుసట. మరి పెళ్ళిపెద్దల్ని ఇంటికి కాక స్టేషన్‌కి, అదే రోజు, అదే బండిలో రమ్మన్నదెవరు? కూతురి వైపు చూస్తాడు. ఆమె తల వంచుకుని, కుడిచేత్తో, కప్పులో మూడోవంతు టీ పోస్తుంది. ఛ, మాట కూడా సరిగ్గా రాని పిల్ల, అనుకుంటాడు.

ముప్పై ఏళ్ళుగా ఆయన పడ్డ అనుమానాలన్నిట్లోనూ నిజమైంది అదొక్కటే, నమ్మనిదీ అదొక్కటే.